మారతహళ్లిలో వార్తల పరిశీలనపై తెలుగు తరగతి: వెళ్లవచ్చు, చేతికిచ్చే కాగితాన్ని మాత్రం నమ్మనక్కర్లేదు

వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ వచ్చే సమాచారంలో నిజమెంతో తేల్చుకోవడం ఎలాగో పెద్దవాళ్లకు నేర్పే ఆదివారపు తరగతి ఒకటి బెంగళూరు మారతహళ్లిలోని ఒక అపార్ట్‌మెంట్ హాల్లో నడుస్తోంది. రుసుము లేదు. పిల్లల ఉద్యోగాల కారణంగా నెల్లూరు, గుంటూరు, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న తల్లిదండ్రులే ఎక్కువగా హాజరవుతారు కాబట్టి, పాఠమంతా తెలుగులోనే చెప్పాలన్న నిర్వాహకుల నిర్ణయం మెచ్చుకోదగినది.

మొదటి భాగం చాలా బాగుంది. బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోయే వీడియోను శిక్షకురాలు ముందు చూపించారు. 2018లో మన ఫోన్లన్నింటిలో తిరిగినది అదే. తరువాత అసలు వీడియో మొత్తం వేశారు. అందులో వాళ్లు వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దించి, ఒక అట్ట పట్టుకొని చూపిస్తారు. కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రమది. ఆ చివరి ముక్క కత్తిరించడంతోనే అది ‘కిడ్నాప్ ముఠా’ సాక్ష్యమైపోయింది. ఆ ఏడాది మే నెలలో ఇదే ఊళ్లో, చామరాజపేటలో, పిల్లలను ఎత్తుకుపోయేవాడన్న అనుమానంతో రాజస్థాన్ యువకుణ్ణి గుంపు కొట్టి చంపింది. వాట్సాప్ ఇంతగా పాకకముందే, 2012 ఆగస్టులో, ఎస్సెమ్మెస్ పుకార్లకు భయపడి ఈశాన్య రాష్ట్రాలవారు వేల సంఖ్యలో బెంగళూరు వదిలి గువాహటి రైళ్లు ఎక్కారనీ, కేంద్రం ఒకేసారి ఎంతోమందికి పంపే బల్క్ ఎస్సెమ్మెస్‌లను 15 రోజులు నిలిపివేసిందనీ కూడా ఆమె గుర్తుచేశారు.

“మావాడే పంపాడమ్మా, వాడు అబద్ధమెందుకు చెప్తాడు?” అని ముందు వరుసలో ఉన్న ఒక పెద్దాయన అడిగారు. “చెప్పడు బాబాయ్ గారూ. కానీ వాడికెవరు పంపారో అడిగారా?” అన్నది ఆమె జవాబు. పంపినవారి మీద ప్రేమనూ, రాసినవారి మీద నమ్మకాన్నీ విడదీసి చూడమని ఇంత సులువుగా చెప్పడం అందరికీ చేతకాదు.

లోపమంతా చేతికిచ్చిన కాగితంలో ఉంది. అక్షరదోషాలు లేకుండా, పేజీ శుభ్రంగా ఉండి, చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే ఆ సైటును నమ్మవచ్చని అందులో రాశారు. తాళం చెప్పేది మన ఫోనుకూ ఆ సైటుకూ మధ్య సమాచారం ఎవరికీ కనపడకుండా వెళ్తుందని మాత్రమే. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. మోసగాళ్ల సైట్లకూ అది ఉంటుంది, అందుకే 2023లో గూగుల్ వారి క్రోమ్ బ్రౌజర్ ఆ గుర్తునే తీసేసింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెలువరించిన అధ్యయనం కోసం 10 మంది చరిత్రకారులనూ, 25 మంది విద్యార్థులనూ, వార్తల్లో నిజం తేల్చడమే పనిగా ఉన్న 10 మంది ఫ్యాక్ట్‌చెకర్లనూ కూర్చోబెట్టి పరీక్షించినప్పుడు, పేజీ పైపై హంగులు చూసి మోసపోయినవారిలో ఆ చరిత్రకారులూ ఉన్నారు. ఫ్యాక్ట్‌చెకర్లు ఆ పేజీని వెంటనే వదిలి, దాని వెనక ఎవరున్నారో, ఇతరులు ఏమంటున్నారో వేరే ట్యాబుల్లో వెతికారు. శిక్షకురాలు నోటితో చెప్పింది సరిగ్గా ఈ పద్ధతినే. ఆమె మాటకు కాగితమే అడ్డుపడుతోంది, వీళ్లు ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్‌కు అంటించేదేమో ఆ కాగితం.

ఫోటోలను వెతికి చూసే గూగుల్ లెన్స్‌కు గంట కేటాయించి, బొమ్మే లేని ఆడియో సందేశాలనూ, షుగరుకు ఆకురసం వైద్యాలనూ పది నిమిషాల్లో ముగించడం నాకు నచ్చలేదు, ఎందుకంటే ఈ వయసువారికి ఎక్కువ చేటు చేసేవి అవే. తెలుగులోనే నిజనిర్ధారణ కథనాలు ఇచ్చే ఫ్యాక్ట్‌లీ వంటివి ఉండగా, ఇంగ్లీషు సైట్లనే తెరపై చూపడం కూడా అర్థం కాలేదు.

మధ్యలో ఇచ్చిన మద్దూరు వడలు వేడిగా ఉన్నాయి. అమ్మానాన్నలను పంపదలచినవారు, వాళ్ల ఫోనులో అనుమానంగా ఉన్న రెండు మూడు సందేశాలను ముందే గుర్తుపెట్టి పంపండి. సొంత సందేశాలను పరీక్షించే అవకాశం చివరి అరగంటలోనే ఇస్తారు, చేయెత్తి అడిగినవారికే అది దక్కుతుంది.