బర్నబీ స్టేషన్ టవర్లు: నాలుగు టౌన్ సెంటర్లలో ఎక్కడ అద్దెకు దిగాలి?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, వాంకూవర్‌ నుంచి తూర్పుగా వెళ్తూ బౌండరీ రోడ్డు దాటితే బర్నబీ. 2021 జనాభా లెక్కల ప్రకారం 2,49,125 మంది ఉన్న ఊరు. ఎత్తైన టవర్లన్నీ ఒకేచోట కాకుండా మెట్రోటౌన్, బ్రెంట్‌వుడ్, లాహీడ్, ఎడ్మండ్స్ అనే నాలుగు టౌన్ సెంటర్లలో, స్కైట్రైన్ అనే మెట్రో రైలు స్టేషన్ల చుట్టూ పెంచుకుంటూ వచ్చారు. అద్దె ప్రకటన ఏది చూసినా "స్టేషన్ పక్కనే" అని ఉంటుంది. ఆ మాట నాలుగు చోట్లా ఒకే బరువు తూగదు. మీ తలుపు నుంచి ప్లాట్‌ఫాం దాకా ఎన్ని నిమిషాలు, ఆ ప్లాట్‌ఫాం మీదికి వచ్చేది ఏ లైను? ఈ రెండూ తేల్చుకోకుండా 40వ అంతస్తు నుంచి కనిపించే కొండలు చూసి సంతకం పెట్టేస్తే తర్వాత రోజూ ఆ లెక్క తగులుతూనే ఉంటుంది.

కారు లేకుండా బతకాలంటే మెట్రోటౌన్‌దే మొదటి స్థానం. 1985 డిసెంబరులో మొదలైన ఎక్స్‌పో లైను మీద ఉంది కాబట్టి డౌన్‌టౌన్‌లోని వాటర్‌ఫ్రంట్‌కి రైలు మారకుండా ఇంచుమించు 20 నిమిషాల్లో చేరతారు. స్టేషన్ ఎదురుగా ఉన్న మెట్రోపొలిస్ ఈ రాష్ట్రంలోకెల్లా పెద్ద మాల్. కూరగాయలకి, చైనీస్ తిండికి పక్కనే క్రిస్టల్ మాల్. సెంట్రల్ పార్కు నడిచి వెళ్లే దూరంలోనే, ప్యాటర్సన్ స్టేషన్‌కి ఆనుకుని ఉంది. 49వ నంబరు బస్సు ఇక్కడి నుంచే యూబీసీకి (బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం) వెళ్తుంది. 19వ నంబరు కింగ్స్‌వే మీదుగా డౌన్‌టౌన్ చేరుతుంది. రైలు కంటే చాలా నిదానం, కానీ బస్సు కాబట్టి ఎంత దూరమైనా ఒకే జోన్ (చార్జీల కోసం విడగొట్టిన ప్రాంతం) చార్జీ.

ఇబ్బంది ఉదయం రద్దీలో. తూర్పున ఉన్న సర్రే నగరం నుంచి వచ్చే రైళ్లు ఇక్కడికి చేరేసరికే కిక్కిరిసి ఉంటాయి. రెండు మూడు నిమిషాలకో రైలు ఉన్నా, ఒకటి రెండు వదిలేసి తర్వాతది ఎక్కాల్సి రావచ్చు.

స్టేషన్‌కి దక్షిణాన ఉన్న మేవుడ్ సంగతి వేరు. అక్కడి పాత మూడంతస్తుల అద్దె భవనాలు కూల్చి టవర్లు కట్టడంతో తక్కువ అద్దెల్లో ఉన్నవాళ్లు బయటికి రావాల్సి వచ్చింది. దానికి "డెమోవిక్షన్" అనే పేరే పుట్టింది. 2018 ఎన్నికల్లో మేయర్ డెరెక్ కోరిగన్ ఓడి మైక్ హర్లీ గెలవడం వెనక ఈ కోపం చాలా ఉంది. ఆ తర్వాత నగరం అద్దెదారుల సహాయ విధానాన్ని గట్టిపరిచింది. భవనం కూల్చితే బిల్డరు తాత్కాలిక ఇంటికి, సామాన్ల తరలింపుకి సాయం చేయాలి, కొత్త భవనంలో పాత అద్దె స్థాయిలోనే తిరిగొచ్చే హక్కు ఇవ్వాలి. అందుకని మేవుడ్‌లో పాత ఫ్లాట్ చవగ్గా దొరికితే, ఆ స్థలం మీద రీజోనింగ్ (అక్కడ ఏం కట్టొచ్చన్న నిబంధన మార్చే) దరఖాస్తు ఉందా, ఉంటే కొత్తగా చేరేవాళ్లకి ఈ రక్షణ వర్తిస్తుందా అని సిటీ హాల్లో అడిగాకే డిపాజిట్ కట్టండి.

చూడ్డానికి బ్రెంట్‌వుడ్ అందరికంటే ముందుంటుంది. 1961 నాటి మాల్‌ని దశలవారీగా మార్చి, ప్లాజాని నేరుగా స్టేషన్‌కి కలిపారు. ఒక స్టేషన్ అవతల గిల్మోర్‌లో 64 అంతస్తుల టవర్ కూడా లేచింది. చిక్కు లైనుతోనే. 2002లో వచ్చిన మిలీనియం లైను డౌన్‌టౌన్‌కి పోదు. కమర్షియల్–బ్రాడ్‌వేలో దిగి ఎక్స్‌పో లైను పట్టుకోవాలి. ఇంకా విచిత్రం, బ్రెంట్‌వుడ్ నుంచి అదే ఊళ్లోని మెట్రోటౌన్‌కి నేరు రైలు లేదు. విల్లింగ్డన్ మీద నడిచే 130, లేదా తక్కువ చోట్ల ఆగే 222 బస్సే దిక్కు. బీసీఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థలో చదివేవాళ్లకి మాత్రం ఈ రెండు బస్సులూ వరమే, క్యాంపస్ ఆ దారిలోనే ఉంది.

లాహీడ్‌ని జనం తక్కువ అంచనా వేస్తారు. పెద్ద క్రేన్లు, సగం కట్టిన టవర్లు చూసి వెనక్కి తగ్గుతారు. కానీ రెండు లైన్లూ కలిసే టౌన్ సెంటర్ నాలుగింటిలో ఇదొక్కటే. మెట్రోటౌన్‌కి, న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌కి ఎక్స్‌పో లైను శాఖ మీద నేరుగా వెళ్లొచ్చు. 2016 డిసెంబరు నుంచి మిలీనియం లైను కోక్విట్లం దాకా సాగుతోంది. డౌన్‌టౌన్‌కి పోతే, మారకుండా వెళ్లే ఎక్స్‌పో రైలు చుట్టూ తిరుగుతుంది. మిలీనియం ఎక్కి కమర్షియల్‌లో మారడమే త్వరగా అవుతుంది. పక్క స్టేషన్ ప్రొడక్షన్ వే నుంచి ఎస్‌ఎఫ్‌యూ (సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం) ఉన్న కొండ మీదికి 145 బస్సు ఉంది. విద్యార్థులకి, ఇద్దరు రెండు దిక్కుల్లో ఉద్యోగాలు చేసే ఇంటికి నా ఓటు లాహీడ్‌కే.

ఎడ్మండ్స్‌ది పేరుతో వచ్చే మోసం. టౌన్ సెంటర్ దుకాణాలు కింగ్స్‌వే మీద హైగేట్ దగ్గర, స్టేషనేమో దూరంగా దిగువన. నడిస్తే 15–20 నిమిషాలు, స్టేషన్ నుంచి తిరిగొచ్చే దారి ఎత్తు ఎక్కాలి. 106 బస్సు కలుపుతుంది. ప్రకటనలో "ఎడ్మండ్స్" అని కనిపిస్తే అది స్టేషన్ వైపా, హైగేట్ వైపా అని అడగండి.

చార్జీల దగ్గర కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది జోన్లతో. బర్నబీ రెండో జోన్, వాంకూవర్ ఒకటో జోన్. ప్యాటర్సన్‌కీ దాని తర్వాతి జాయిస్‌కీ మధ్యే గీత. పని దినాల్లో సాయంత్రం 6:30 లోపు గీత దాటితే రెండు జోన్ల చార్జీ. ఆ తర్వాత, వారాంతాల్లో, సెలవుల్లో ఒకటే. రైళ్లకీ బస్సులకీ పనికొచ్చే కంపాస్ కార్డుకి 6 డాలర్ల డిపాజిట్ పెడితే కార్డు తిరిగిచ్చినప్పుడు వెనక్కి వస్తుంది. అందులో డబ్బు వేసుకుంటే చార్జీ తగ్గుతుంది, క్రెడిట్ కార్డు తాకిస్తే ఆ తగ్గింపు లేదు. రైలు దిగి గేటు దాటేటప్పుడు కూడా తప్పక తాకించాలి. బస్సులో నాణేలిచ్చి తీసుకున్న టికెట్టు స్టేషన్ గేటు తెరవదు. 12 ఏళ్ల లోపు, 12 ఏళ్ల పిల్లలకి ఉచితం. ఆదివారం పొద్దున రైళ్లు ఆలస్యంగా మొదలవుతాయి కాబట్టి తెల్లవారుజామున విమానం ఉంటే టాక్సీ చూసుకోండి. మంచు పడితే డ్రైవర్ లేని ఈ రైళ్లు తడబడతాయి. పట్టాల మీద ఏదో పడిందని సెన్సర్లు మంచుకే బ్రేకు వేయిస్తాయి, సిబ్బంది ఎక్కి నడపాల్సి వస్తుంది.

ఇక ఫ్లాట్. పట్టాల వైపు కిటికీ ఉంటే, మలుపుల దగ్గర చక్రాల కీచు పై అంతస్తులకీ వినిపిస్తుంది. రద్దీ వేళలో వెళ్లి, బాల్కనీ తలుపు తెరిచి పది నిమిషాలు నిలబడి చూడండి. పడమటి గోడంతా అద్దాలైతే వేసవి సాయంత్రం కొలిమే. 2021 జూన్ చివరి వడగాలుల్లో ఈ రాష్ట్రంలో 619 మంది చనిపోయారు, అత్యధికులు ఇళ్లలోనే. ఏసీ గానీ హీట్ పంప్ గానీ ఉందా, లేకపోతే పోర్టబుల్ ఏసీ పెట్టుకోనిస్తారా అన్నది రాతలో తీసుకోండి.

డిపాజిట్ సగం నెల అద్దె మించకూడదు. పెంపుడు జంతువు ఉంటే ఇంకో సగం. దరఖాస్తు రుసుము అడగడం చట్టవిరుద్ధం. అద్దె పెంపు 12 నెలలకి ఒకసారే, మూడు నెలల ముందు నోటీసుతో. 2025లో గరిష్ఠం 3 శాతంగా ఉండేది. కాండో (ఒక్కో ఫ్లాటుకి ఒక్కో యజమాని ఉండే భవనం) అయితే స్ట్రాటా, అంటే యజమానుల సంఘం, నిబంధనలు చదివించి, వాటిని పాటిస్తానని ఫారం కె మీద సంతకం పెట్టిస్తారు. సామాన్ల రోజుకి లిఫ్టు ముందే బుక్ చేయాలి, చాలాచోట్ల దానికి విడిగా రుసుము, అది మీ మీదికే వస్తుంది. చేరే రోజు ఇంటి యజమానితో కలిసి గోడలు, ఓవెన్, బాత్రూం చూసి కండిషన్ రిపోర్టు నింపి, ఫోటోలు దాచుకోండి. ఖాళీ చేశాక కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇస్తే 15 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, లేదా కోతకి మీ ఒప్పుకోలు గానీ వివాద పరిష్కారానికి దరఖాస్తు గానీ ఉండాలి. చిరునామా ఇవ్వడం మర్చిపోతే ఆ 15 రోజుల లెక్క మొదలే కాదు.