గూయ్ బ్యాలెన్సా, ఎవాన్స్ బ్యాలెన్సా: కాంప్లెక్సుల అయస్కాంత కొలతకు ఏది మేలు?

తిరుపతిలో ఎమ్మెస్సీ ఇనార్గానిక్ ప్రాజెక్టు అంటే చాలామందికి షిఫ్ బేస్‌తో (లోహానికి అతుక్కునే ఒక రకం సేంద్రియ అణువు, అంటే లైగాండు) చేసే నికెల్, కోబాల్ట్, కాపర్ కాంప్లెక్సులే. తయారీ అయిపోయి, పొడి ఆరాక వచ్చే ప్రశ్న ఒకటే: ససెప్టిబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందన్న విలువ) దేనిమీద కొలవాలి? చేతిలో 200 మి.గ్రా. లోపే ఉంటే ఎవాన్స్. గ్రాము దాకా ఉండి, అందులో ఇనుము కలిసిందన్న అనుమానం ఉంటే గూయ్. కారణాలు చూద్దాం.

గూయ్ పద్ధతిలో అడుగు చదునుగా ఉన్న గాజు గొట్టంలో పొడిని సుమారు 10 సెం.మీ. ఎత్తు నింపి త్రాసు కింద వేలాడదీస్తాం. గొట్టం అడుగు విద్యుదయస్కాంత ధ్రువాల నడిమధ్యన, పొడి పైభాగం క్షేత్రం దాదాపు లేనిచోట ఉండాలి. కరెంటు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి తూచాలి. అర సెంటీమీటరు వ్యాసం గొట్టం, 6000 అయర్‌స్టెడ్ క్షేత్రం అనుకుంటే, కాలిబ్రెంటుగా (విలువ ముందే తెలిసి, యంత్రాన్ని సరిచూసేందుకు) వాడే మెర్క్యురీ కోబాల్ట్ థయోసయనేట్ బరువు 90 మి.గ్రా. దాకా పెరుగుతుంది. అదే గొట్టంలో అణుభారం 400 ఉన్న కాపర్ కాంప్లెక్సుకు 7 మి.గ్రా. పెరిగితే గొప్ప. ఆ ఏడింటిలో అర మిల్లీగ్రాము తేడా వచ్చినా లెక్క 7 శాతం తప్పుతుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆ తేడా తేలిగ్గా వస్తుంది. ఫ్యాన్ ఆపి, గొట్టం చుట్టూ గాజు తొడుగు పెట్టాలి. క్షేత్రం 1 శాతం తగ్గితే బలం 2 శాతం తగ్గుతుంది. కాయిల్ వేడెక్కేకొద్దీ కరెంటు జారుతుంది కాబట్టి స్థిర కరెంటు సప్లై తప్పనిసరి. ఖాళీ గొట్టాన్ని కూడా క్షేత్రంలో తూచండి. గాజు డయా అయస్కాంతం, అంటే క్షేత్రం దాన్ని కొద్దిగా బయటికి నెడుతుంది, దాని బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదలను లెక్కలో సవరించాలి.

ఎవాన్స్‌లో పని తలకిందులు. నమూనా కదలదు, దండం రెండు చివరలా ఉన్న శాశ్వత అయస్కాంతాలే కదులుతాయి. వాటిని మళ్లీ సమతూకానికి తెచ్చే కరెంటే మనకు కనిపించే రీడింగు. 100–150 మి.గ్రా. చాలు. పొడి ఎత్తు 1.5 సెం.మీ.కు తగ్గకూడదు, 2.5 దాటితే నిశ్చింత. అరగంట ముందే ఆన్ చేసి, ఖాళీ గొట్టం రీడింగు తీసుకుని, పొడిని కొద్దికొద్దిగా వేస్తూ బల్లమీద నెమ్మదిగా తట్టాలి. ఎత్తును బరువుతో భాగించి వాడతాం గనుక ఎత్తు కొలతలో అర మిల్లీమీటరు పొరపాటు నేరుగా జవాబులోకి వస్తుంది. గొట్టం ఖాళీచేసి మళ్లీ నింపి రీడింగు తీయండి. రెండూ 2 శాతం లోపు కలవకపోతే నింపడంలోనే లోపం ఉంది.

మరి గూయ్ ఎందుకు? దాని క్షేత్రాన్ని మార్చవచ్చు. స్టీలు స్పాచులా గీకుడు కొంచెం చేరినా ఇనుముకుండే బలమైన (ఫెర్రో) అయస్కాంత వాటా వచ్చిపడుతుంది. మూడు నాలుగు కరెంటుల దగ్గర కొలిచినప్పుడు, క్షేత్రం పెరిగేకొద్దీ ససెప్టిబిలిటీ తగ్గుతోందంటే ఇనుము ఉన్నట్టే. ససెప్టిబిలిటీని 1/క్షేత్రానికి ఎదురుగా గ్రాఫు గీసి సున్నాకు పొడిగిస్తే అసలు విలువ దొరుకుతుంది. శాశ్వత అయస్కాంతమున్న ఎవాన్స్‌లో ఈ పరీక్షకు దారిలేదు. అందులో ప్లాస్టిక్ స్పాచులాయే రక్ష.

ఏ యంత్రమైనా మన ఊరి ఎండను లెక్కలోకి తీసుకోవాల్సిందే. కాలిబ్రెంటుకు పుస్తకంలో ఉన్న 16.44×10⁻⁶ ససెప్టిబిలిటీ విలువ 20 డిగ్రీల దగ్గరిది. మే నెలలో ఏసీ లేని ల్యాబులో 38 డిగ్రీలుంటే అది సుమారు 15.5×10⁻⁶కు దిగుతుంది. దిద్దకపోతే మాగ్నెటిక్ మొమెంట్ (ససెప్టిబిలిటీ నుంచి లెక్కగట్టే, జతకాని ఎలక్ట్రాన్లు ఎన్నో సూచించే విలువ) దాదాపు 3 శాతం ఎక్కువ వస్తుంది. సూత్రంలో ఉష్ణోగ్రతకు 311 కెల్విన్ బదులు అలవాటుగా 298 వేస్తే 2 శాతం తక్కువ వస్తుంది. రెండు తప్పులూ కలిస్తే చాలావరకు కొట్టుకుపోతాయి, అందుకే ఎన్నాళ్లైనా బయటపడవు. ఒక్కటే దిద్దితే జవాబు ఇంకా చెడుతుంది. రెండూ ఒకేసారి దిద్దండి.

ఇంకో తప్పు మరీ బాధ కలిగిస్తుంది. పెద్ద లైగాండున్న కాపర్ కాంప్లెక్సుకు డయా అయస్కాంత సవరణ మోలుకు సుమారు 200×10⁻⁶ ఉండవచ్చు. పాస్కల్ స్థిరాంకాలతో (ఒక్కో పరమాణువుకు, బంధానికి పట్టికలో ఇచ్చిన సవరణ విలువలు) దాన్ని కలపకపోతే మాగ్నెటిక్ మొమెంట్ 1.80 బోర్ మాగ్నెటాన్లు (దాని ప్రమాణం) రావాల్సినచోట 1.66 వస్తుంది. అది చూసి కాపర్–కాపర్ మధ్య అంతఃచర్య ఉందని రాసేస్తారు. కాపర్ అసిటేట్‌లా నిజంగా జంటగా ఉన్న సమ్మేళనం గది ఉష్ణోగ్రతలో 1.4 దగ్గర ఉంటుంది. 1.66ను చూసి అలా తీర్మానించకూడదు.

పొడి 10 మి.గ్రా. మించి లేక, ద్రావణిలో కరిగితే ఈ రెండు బ్యాలెన్సులనూ వదిలి ఎన్ఎమ్ఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాల సంకేతాలు చదివే యంత్రం) ఎవాన్స్ పద్ధతికి వెళ్లాలి; ఇది ఎవాన్స్ బ్యాలెన్సు కాదు, పేరొక్కటే. ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు గొట్టాల్లో (ఒకదానిలో కాంప్లెక్సు ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు) టెర్ట్ బ్యుటనాల్ సంకేతం ఎంత పక్కకు జరిగిందో చూస్తాం. పాత పుస్తకాల సూత్రంలో 3/2π ఉంటుంది, అది క్షేత్రం గొట్టానికి అడ్డంగా ఉండే పాత అయస్కాంతాలది. నేటి సూపర్‌కండక్టింగ్ యంత్రాల్లో క్షేత్రం గొట్టం పొడవునా ఉంటుంది కాబట్టి 3/4π వాడాలి. పాతది వాడితే నికెల్‌కు 3.1 బోర్ మాగ్నెటాన్ల బదులు 4.4 వస్తుంది. రెండే జతకాని ఎలక్ట్రాన్లున్న నికెల్‌కు 4.4 కనిపించగానే మొదట సూత్రాన్నే అనుమానించండి.