అంబాసిడర్‌కి హెచ్4 లైట్లు, రిలే కిట్: కొనొచ్చా?

కొనొచ్చు. పాత అంబాసిడర్‌లో ఏడంగుళాల సీల్డ్ బీమ్ (బల్బు, గ్లాసు ఒకే ముక్కగా ఉండే హెడ్‌లైటు) తీసేసి, బల్బు విడిగా మార్చుకోగల హెచ్4 రకం గ్లాసు, 60/55 వాట్ల (హై బీమ్ 60, లో బీమ్ 55) బల్బు వేస్తే రోడ్డు బాగా కనిపిస్తుంది. కానీ అసలు డబ్బు పెట్టాల్సింది రిలేలకే, అంటే బ్యాటరీ నుంచి లైట్లకి నేరుగా కరెంటు పంపే స్విచ్చులకే. అవి లేకపోతే పాత స్విచ్, సన్న వైర్లలో వోల్టేజీ పడిపోయి కొత్త బల్బు కూడా ఎర్రగానే వెలుగుతుంది. బిగించాక ఇంజిన్ నడుస్తుండగా బల్బు హోల్డర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి: బ్యాటరీ వోల్టేజీకీ దానికీ తేడా అర వోల్టు దాటకూడదు. దాటితే ముందు ఎర్త్ (బండి బాడీకి బిగించే నెగటివ్ వైరు) చూడండి. దాన్ని తుప్పు రేకుకి బిగిస్తే లైట్లు మినుకుమినుకుమంటాయి.

లో బీమ్‌కీ హై బీమ్‌కీ విడివిడిగా రిలే, 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న కిట్టే తీసుకోండి. గ్లాసు ఎడమవైపు నడిచే బండ్లకి చేసినదై ఉండాలి, లేకపోతే లో బీమ్ కూడా ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. 100/90 బల్బులు మాత్రం వద్దు. ఆ వేడికి హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది.