చలానా పడితే కట్టెయ్యాలా, మనమే అడగాలా, లాయర్ని పెట్టుకోవాలా: ఏది మేలు?

గుంటూరు అరండల్‌పేటలో షాపు నడుపుకునే మా బావమరిదికి ఒకరోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. విజయవాడ రామవరప్పాడు రింగు దగ్గర హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు 1,000 రూపాయల చలానా. ఆ టైముకి వాడు కౌంటర్లో కూర్చుని ఉన్నాడు, బండి షాపు ముందే ఉంది. "తప్పు చెయ్యకుండా రూపాయి కూడా కట్టను బావా, లాయర్ని పెట్టి తేల్చుకుంటా" అన్నాడు. పక్కనుంచి మా చెల్లెలు "వెయ్యి రూపాయలకి కోర్టు చుట్టూ తిరుగుతారా? కట్టేసి మీ పని చూసుకోండి" అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఇద్దరూ చూసింది ఆ వెయ్యినే.

నేను చెప్పేది ఒకటే. జరిమానా ఎంత అన్నది తర్వాత చూడండి. కట్టేశాక ఇంకేమైనా మిగులుతుందా అన్నది ముందు చూడండి. లైసెన్స్ మీదకి వస్తుందా? కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టు రికార్డు ఉండిపోతుందా? రేపు ఇంకో కేసులో ఇది మన మెడకి చుట్టుకుంటుందా? లాయరు కావాలో వద్దో తేల్చేవి ఈ ప్రశ్నలే.

మోటారు వాహనాల చట్టంలో 200వ సెక్షన్ అని ఒకటుంది. ఏ తప్పులకి డబ్బు కట్టించుకుని కోర్టుకి పోకుండా ముగించవచ్చో అది చెబుతుంది. హెల్మెట్, సీట్ బెల్ట్, ట్రిపుల్ రైడింగ్, స్పీడు, లైసెన్స్ లేకపోవడం, ఇన్సూరెన్స్ లేకపోవడం, ఫోన్ మాట్లాడుతూ నడపడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. తాగి నడపడం లేదు. మైనర్‌కి బండి ఇవ్వడం లేదు. ఫోన్ సంగతి పక్కన పెడితే, ప్రమాదకరంగా నడిపారన్న కేసూ లేదు. మీ చలానా ఈ గీతకి ఏ వైపు ఉందో చూసుకుంటే సగం సందేహం అక్కడే తీరిపోతుంది.

తప్పు నిజంగా మనదే, అది కట్టేస్తే పోయే రకం అయితే కట్టేయడమే మేలు. లాయరు ఫీజు జరిమానా కంటే ఎక్కువ అవుతుంది. కేసు నడిస్తే వాయిదాకి ఒక రోజు పని పోతుంది. బందరు రోడ్డులో హెల్మెట్ లేకుండా వెళ్ళి ఫోటోలో స్పష్టంగా దొరికిపోయాక ఏ లాయరైనా చేయగలిగింది తక్కువే. 2025 మార్చి 1 నుంచి మన రాష్ట్రంలో హెల్మెట్ ఫైను 1,000 అయింది కాబట్టి చాలామందికి బాధగానే ఉంటుంది. అయినా లెక్క మారదు.

ఒక్క విషయం మాత్రం తెలుసుకుని కట్టండి. హెల్మెట్, ట్రిపుల్ రైడింగ్ సెక్షన్లలో ఫైనుతో పాటు 3 నెలలు లైసెన్స్ రద్దు అనే మాట కూడా ఉంది. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు, డబ్బు కట్టినంత మాత్రాన లైసెన్స్ మీద చర్య ఆగిపోదని కూడా రాశారు. మామూలు ఉద్యోగికి ఇది పెద్దగా తగలదు. బండి మీదే బతికే డెలివరీ కుర్రాడికి, డ్రైవర్‌కి మాత్రం లైసెన్స్ గురించి నోటీసు వస్తే అది వెయ్యి రూపాయల విషయం కాదు. అప్పుడు లాయర్ని కలవడం దండగ ఖర్చు కానే కాదు.

"కట్టకుండా ఆగుదాం, డిస్కౌంట్ ఇస్తారు" అనేవాళ్ళూ ఉన్నారు. తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి పెండింగ్ చలానాలకి భారీగా తగ్గించారు. అది చూసి ఇక్కడా ఆశ పెట్టుకుంటున్నారు. నాకది నచ్చదు. చలానాలు పేరుకుపోతాయి, తనిఖీలో బండి ఆపితే అన్నీ ఒకేసారి ముందుకొస్తాయి. అమ్ముదామంటే కొనేవాళ్ళు మొదట నంబరు కొట్టి చూసేది పెండింగ్ చలానాలే.

మా బావమరిది కేసు వేరు. తప్పు వాడిది కాదు. ఇలాంటప్పుడు లాయరు కంటే ముందు మనమే అడగాలని నా గట్టి నమ్మకం. ఎందుకంటే కెమెరా చలానాకి రుజువు చూపించాల్సింది పంపినవాళ్ళే. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఎ అని చేర్చారు. దాని ప్రకారం తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. తప్పు, నంబరు ప్లేటు రెండూ స్పష్టంగా కనిపించే ఫోటో ఉండాలి. తేదీ, సమయం, చోటు, ఏ సెక్షనో ఉండాలి. స్పీడు కేసయితే మిషన్ చూపించిన లెక్క ఉండాలి. ఆ మిషన్‌కి ఏటా రెన్యూ చేసే ఆమోద పత్రం ఉండాలి.

వాణ్ణి ముందు ఫోటో తెరిచి చూడమన్నాను. చూస్తే వాడిది తెల్ల యాక్టివా, ఫోటోలో ఉన్నది నల్ల మోటార్‌సైకిల్. నంబర్లో 3ని 8గా చదివారు. అంతే! ఇక లాయరెందుకు? సి-బుక్ జిరాక్స్, బండికి నాలుగు వైపులా తీసిన ఫోటోలు, చలానా ప్రింటు, క్లుప్తంగా రాసిన అర్జీ పట్టుకుని ట్రాఫిక్ ఆఫీసుకి వెళ్ళాడు. మొదటిసారి "సంబంధిత సారు లేరు, రేపు రండి" అన్నారు. అర్జీ రెండో కాపీ మీద ముద్ర వేయించుకోకుండా వచ్చేశాడు, అది పొరపాటు. రెండోసారి ముద్ర వేయించుకున్నాడు. వారం తర్వాత చలానా పోయింది. గుంటూరు నుంచి బెజవాడకి రెండుసార్లు బస్సు చార్జీ, రెండు పూటలు షాపు మూత, ఖర్చు అంతే. లాయరు ఫీజు 5,000 అని వాడు ముందే కనుక్కున్నాడు. ఫీజు చెప్పిన ఆ లాయరు గారే "దీనికి నేనెందుకు బాబూ, నువ్వే వెళ్ళు" అని పంపేశారట. అలాంటి మనిషి దొరికితే ఆయన నంబరు దాచుకోండి.

ఒకవేళ అర్జీకి జవాబు రాకపోయి ఉంటే? లేక ఫోటోలో బండి కూడా తెల్ల యాక్టివానే అయి, ఎవరో మన నంబరు ప్లేటు తగిలించుకుని తిరుగుతుంటే? అప్పుడు నా సలహా మారుతుంది. మన నంబరుతో ఇంకో బండి తిరగడం చిన్న విషయం కాదు. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే పోలీసులు వచ్చేది మన ఇంటికే. ముందు స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తీసుకోకపోతే లాయర్ని పెట్టుకోవాలి.

లోక్ అదాలత్ గురించి కూడా అడుగుతుంటారు. రాజీకి వీలున్న కేసు అప్పటికే కోర్టులో ఉంటే అది మంచి దారే. ఒక్క పూటలో అయిపోతుంది, కోర్టు ఫీజు ఉండదు, తీర్పు మీద అప్పీలు ఉండదు. కానీ అది రాజీ కుదిర్చే చోటు. ఎంతో కొంత కట్టి ముగించుకునేవాళ్ళకి పనికొస్తుంది గానీ "నేను తప్పే చెయ్యలేదు" అనేవాడికి అక్కడ తీరేది తక్కువ.

ఇక లాయరు లేకుండా అడుగు కూడా వెయ్యకూడని కేసులున్నాయి. ఇక్కడ మాత్రం డబ్బు లెక్కలు చూసుకోవద్దని బతిమాలి చెబుతాను.

మా వీధిలో ట్రావెల్స్ కారు నడిపే అతను డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారి అయితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. అతను ఎవరికీ చెప్పకుండా కోర్టులో తప్పు ఒప్పుకుని, అప్పు చేసి జరిమానా కట్టి ఇంటికొచ్చాడు. గండం గడిచిందనుకున్నాడు. లైసెన్స్ సస్పెండ్ నోటీసు వచ్చాక గానీ టెన్షన్ మొదలుకాలేదు. కారు ఓనరు వేరే డ్రైవర్ని పెట్టుకున్నాడు. మళ్ళీ దొరికితే రెండోసారి కింద లెక్క, 2 ఏళ్ళ దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. లాయరు ఉంటే కేసు కొట్టేసేవారని నేను అనను. మిషన్ రీడింగ్ కాగితం సరిగా ఉందా, శిక్ష తగ్గించమని ఏం చెప్పుకోవాలి, లైసెన్స్ నోటీసుకి జవాబు ఎలా రాయాలి, ఇవన్నీ ఒప్పుకోకముందే చెప్పేవారు. ఒప్పుకున్నాక చెప్పడానికి ఏమీ మిగలదు.

యాక్సిడెంట్ కేసు ఇంకా పెద్దది. ఎవరికైనా దెబ్బ తగిలితే మోటారు చట్టంతో పాటు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) కూడా వస్తుంది. మనిషి పోతే 106వ సెక్షన్ కింద 5 ఏళ్ళ దాకా శిక్ష. "చిన్న ఫైనే, ఒప్పేసుకో" అని ఎవరన్నా వినొద్దు. ఇక్కడ ఒప్పుకున్న మాటని అక్కడ నష్టపరిహారం కేసులో చూపిస్తారు. లైసెన్స్ చెల్లనిదైతే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి కట్టి, ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది.

లాయర్ని పెట్టుకోవాల్సి వస్తే ఫీజు మొత్తానికా, వాయిదాకి ఇంతనా అన్నది వకాల్తా మీద సంతకం పెట్టకముందే మాట్లాడుకోండి. "గెలిస్తేనే ఫీజు ఇవ్వండి" అనేవారి దగ్గరికి వెళ్ళకండి, బార్ కౌన్సిల్ నియమాలు అలాంటి ఒప్పందాన్ని ఒప్పుకోవు. ప్రతి వాయిదాకీ మనం వెళ్ళాలా అని కూడా అడగండి. చాలా చిన్న కేసుల్లో మోటారు చట్టం 208వ సెక్షన్ కింద లాయరు ద్వారా హాజరయ్యే వీలుంది. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళవచ్చు, 15100కి ఫోన్ చేసినా చాలు. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

ఇదంతా రాయడానికి అసలు కారణం పోయిన నెల వచ్చిన ఒక ఫోన్. లక్ష్మీపురంలో కోచింగ్‌కి వెళ్ళే పదహారేళ్ళ అబ్బాయి వాళ్ళ నాన్న బండితో పట్టుబడ్డాడు. "ఎంత కట్టాలన్నా, ఇప్పుడే కట్టేస్తా" అని ఆ తండ్రి అడిగాడు. 199ఎ సెక్షన్ కింద తప్పు తండ్రిది, బండి ఓనరుది. 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. తనకి తెలియకుండా తీసుకెళ్ళాడని నిరూపించుకుంటే తండ్రి బయటపడవచ్చు, కానీ నిరూపించుకోవాల్సిన భారం ఆయనదే. ఎక్కడా సంతకం పెట్టకుండా ముందు గుంటూరు కోర్టుకి వెళ్ళి లాయర్ని కలవమన్నాను. ఆ మధ్యాహ్నమే వెళ్ళాడు.