బీరు రచయిత మైకేల్ జాక్సన్ దారిలో బెల్జియం: కాంటియోన్, ఓర్వాల్, వెస్ట్‌వ్లెటరెన్

పాటల మైకేల్ జాక్సన్ కాదు. ఈయన 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టిన పాత్రికేయుడు, 2007 ఆగస్టు 30న లండన్‌లో పోయారు. విస్కీ ప్రియులకు ఈయన సింగిల్ మాల్టులకు నూటికి ఇన్ని అని వేసిన మార్కులు గుర్తు. బీరువాళ్లకు మాత్రం 1977 నాటి ‘ది వరల్డ్ గైడ్ టు బీర్’ ముఖ్యం. ఏ బీరు ఏ రకానికి చెందుతుందో, ఆ రకం ఏ ప్రాంతపు అలవాట్లలోంచి వచ్చిందో విడదీసి చెప్పిన పుస్తకమది. బయటి ప్రపంచం బెల్జియం బీర్లను పట్టించుకుందంటే అందులో ఆయన రాతల వాటా పెద్దది. అందుకే ఆయన్ని తలుచుకుని వెళ్లాలంటే లండన్ కంటే బెల్జియమే మేలు.

మొదట కాంటియోన్. బ్రస్సెల్స్ మిడి స్టేషన్ నుంచి పావుగంట నడక. 1900లో మొదలైన ఈ బీరు బట్టీలో 65 పాళ్లు బార్లీ మాల్టుకు (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) 35 పాళ్లు మొలకెత్తించని గోధుమ కలిపి ఉడికిస్తారు. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు ఏళ్ల తరబడి నిలవబెట్టినవే వాడతారు. వాటి చేదు అక్కర్లేదు, పాడవకుండా కాపాడే గుణం చాలు. మరిగిన రసాన్ని పైకప్పు కింద లోతులేని రాగి తొట్టిలో రాత్రంతా వదిలేస్తారు. ఈస్టు ఎవరూ వెయ్యరు, మన కల్లు కుండలో ఎవరూ వెయ్యనట్టే. రాత్రులు చల్లగా లేకపోతే అక్కర్లేని సూక్ష్మజీవులు చేరి రసం చెడుతుంది. అందుకే సుమారు అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి దాకానే కాచుతారు. వేసవిలో వెళ్తే ఖాళీ తొట్టి, పీపాలే కనిపిస్తాయి. పీపాల మధ్య సాలెగూళ్లు చూసి శుభ్రత లేదనుకోవద్దు, పండ్ల ఈగలను పట్టేది ఆ సాలీళ్లే. ఇలా దానంతటదే పులిసిన బీరే లాంబిక్. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లు కలిపితే గ్యూజ్. మొదటి గుక్క పులుపుకి మొహం చిట్లుతుంది, తీర్పు మూడో గుక్క దాకా ఆపండి. టికెట్టులోనే రుచి చూడటం కలిసి ఉంటుంది. ఆదివారం వెళ్లొద్దు.

బసకి స్టేషన్ పక్క హోటళ్లు చవకే. కానీ రాత్రిపూట ఆ వీధులు అంత హాయిగా ఉండవు. కాస్త ఎక్కువైనా ఊరి మధ్యలో తీసుకోండి. శాకాహారులు గమనించాల్సింది ఇంకొకటి: ఇక్కడి ఫ్రైస్ చాలాచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అడిగి తినండి.

మూడింట్లో మా ఓటు సన్యాసుల మఠంలో బీరు కాచే ఓర్వాల్‌కి, వెళ్లడం కష్టమే అయినా. రైల్లో లిబ్రమోంలో మారి ఫ్లోరెన్‌విల్ దాకా వెళ్లాలి. అక్కడి నుంచి పది కిలోమీటర్ల లోపే, కానీ సామానుతో నడిచే దారి కాదు. టాక్సీ ముందే చెప్పుకోండి, ఆదివారం బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు. కారైతే నడిపేవారు తాగకూడదు, పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలే. మఠం శిథిలాలు చూడొచ్చు, బీరు బట్టీ మాత్రం సెప్టెంబరులో ఒకటి రెండు రోజులే తెరుస్తారు. అసలు సంగతి దగ్గర్లోని ‘ఆ లాంజ్ గార్డియన్’ కేఫ్‌లో ఉంది. కొత్త సీసా ఒకటి, పాతది ఒకటి పక్కపక్కన తెప్పించుకోండి. సీసాలో ఉండే బ్రెటనోమైసిస్ అనే ఈస్టు మిగిలిన చక్కెరను నెమ్మదిగా తింటుంది. కొత్తదాంట్లో హాప్స్ వాసన ముందుంటే, పాతదాంట్లో తీపి పోయి, తోలు వాసన, గ్యాసు పెరుగుతాయి. సీసా నింపిన తేదీ లేబుల్ మీదే ఉంటుంది. వంచి నెమ్మదిగా పొయ్యండి, అడుగున మడ్డి సీసాలోనే ఉంచండి. మంచులా చల్లగా అడగొద్దు, 12–14 డిగ్రీల దగ్గరే రెంటికీ తేడా తెలిసేది.

వెస్ట్‌వ్లెటరెన్ కూడా మఠం బీరే, పేరు మీద నడుస్తోంది. పోపెరింగె దాకా రైలు, తర్వాత సైకిలు లేదా టాక్సీ. మఠం లోపలికి రానివ్వరు, ఎదుటి ‘ఇన్ డె వ్రెడె’ కేఫే గతి, అదీ వారంలో కొన్ని రోజులు మూతే. 10.2 శాతం ఆల్కహాల్ ఉన్న ‘12’ అనే బీరు బాగుంటుంది, కానీ దాని కోసమే ఒక రోజు ఖర్చుపెట్టాలా? పోపెరింగె హాప్స్ మ్యూజియం కూడా కలుపుకుంటేనే గిట్టుబాటు.

ఇండియాకి తెచ్చేటప్పుడు సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే, బీరూ అందులోకే వస్తుంది. ఓర్వాల్ 330 మి.లీ. సీసాలు ఆరైతే 1.98 లీటర్లు. కాంటియోన్ 750 మి.లీ. రెండు, ఓర్వాల్ ఒకటి అనుకుంటే 1.83. అన్నీ చెక్-ఇన్ పెట్టెలోనే, ఒక్కో సీసాకి విడిగా బట్ట చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి.