హైదరాబాద్ మియాపూర్‌లో అద్దె ఇల్లు వెతికాం: యాప్ ప్లాన్, బ్రోకర్, వాచ్‌మన్, ఎవరు ఎంతవరకు పనికొచ్చారు

బ్రోకర్ అక్కర్లేదు, ఓనర్ నంబర్ నేరుగా ఇస్తాం అని చెప్పే యాప్‌లో డబ్బు కట్టి ప్లాన్ తీసుకున్నాం. దాంతో పాటు కేపీహెచ్‌బీలో ఒక బ్రోకర్‌కి కూడా చెప్పాం, సెలవు రోజుల్లో బండేసుకుని టు-లెట్ బోర్డుల కోసం వీధులూ తిరిగాం. చివరికి మియాపూర్‌లో మంచి టూ బీహెచ్‌కే దొరికింది. ప్లాన్ తీసుకోవాలా వద్దా అని అడిగేవాళ్లకి నా సమాధానం ముందే చెప్పేస్తాను: ఏ ఏరియాలో అద్దెలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి యాప్ చాలా మంచిది, దానికి డబ్బు కట్టక్కర్లేదు. కట్టిన డబ్బుకి వచ్చేవి ఫోన్ నంబర్లు, అంతే. ఆ నంబర్ వెనకున్న మనిషి నిజంగా ఓనరేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

ముందు మంచి సంగతులు. మావారి ఆఫీసు హైటెక్ సిటీలో, నాది అమీర్‌పేటలో. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లే రెడ్ లైన్ ఎక్కితే నేను నేరుగా దిగిపోతాను, ఆయన అమీర్‌పేటలో రాయదుర్గం వైపు బ్లూ లైన్‌కి మారతారు. అందుకే మెట్రో పక్కనే చూశాం. యాప్‌లో మ్యాప్ పెట్టుకుని స్టేషన్ చుట్టూ వెతకడం నిజంగా హాయిగా ఉంది, స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే ఇంటికీ ఆటో ఎక్కాల్సిన ఇంటికీ అద్దెలో ఎంత తేడా ఉందో హైదరాబాద్ రాకముందు రాజమండ్రిలో కూర్చునే అర్థమైపోయింది. ఇది తెలిశాక బ్రోకర్ చెప్పే రేటుకి తల ఊపాల్సిన పని లేదు.

చిక్కంతా ఫోన్ చేశాకే. ఓనర్ అని రాసున్న నంబర్లలో చాలా వరకు ఎత్తింది బ్రోకర్లే. "ఆ ఫ్లాట్ నిన్ననే పోయింది మేడమ్, పక్క వీధిలో ఇంకోటుంది, చూపించమంటారా?" ఇదే మాట ఎన్నిసార్లు విన్నానో. ఫోన్ ఎత్తకపోయినా, ఇల్లు ఎప్పుడో వెళ్లిపోయినా మన ప్లాన్‌లోంచి ఒక నంబర్ తగ్గిపోతుంది, ఇది నాకు అస్సలు నచ్చలేదు. అసలు ఓనర్లు దొరికినప్పుడు కూడా నాన్‌వెజ్ వండుతారా, ఊరి నుంచి మీవాళ్లు వస్తూ పోతూ ఉంటారా, ఇలా మొదలుపెట్టి "మీరేవిట్లు?" అని సూటిగా కులం అడిగినవాళ్లు ఉన్నారు. అద్దె టైముకి కడతామా, ఇల్లు శుభ్రంగా ఉంచుతామా అని అడగాలి గానీ ఇదేం ప్రశ్నండీ. అలా అడిగిన ఇల్లు ఎంత బాగున్నా మేం మళ్లీ ఫోన్ చేయలేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన సంగతి. కొండాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీ, త్రీ బీహెచ్‌కే, మాడ్యులర్ కిచెన్, అద్దె 24 వేలు అని యాప్‌లో కనిపించింది. చుట్టుపక్కల అలాంటివి 40 వేలు దాటి ఉన్నాయి. ఫోన్ చేస్తే ఒకాయన చాలా మర్యాదగా హిందీలో మాట్లాడారు. తను ఆర్మీలో ఉన్నానని, పోస్టింగ్ జమ్మూలో అని, తాళాలు సొసైటీ ఆఫీసులో ఉన్నాయని, లోపలికి వెళ్లాలంటే గేట్ పాస్‌కి 2,500 కట్టాలని, ఆ డబ్బు తర్వాత అడ్వాన్స్‌లో తగ్గించుకోవచ్చని చెప్పారు. యూనిఫాంలో ఫోటో ఉన్న ఐడీ కార్డు, ఆధార్ అడక్కుండానే వాట్సాప్‌లో వచ్చేశాయి. మావారు ఫోన్ తీసుకుని, "మేం గేటు దగ్గరికే వస్తాం, సెక్యూరిటీ వాళ్ల చేతికే ఇస్తాం, రసీదు తీసుకుంటాం" అన్నారు. లైన్ కట్. మళ్లీ చేస్తే నంబర్ కలవలేదు. యాప్‌లో రిపోర్ట్ కొట్టాను, ఆ ప్రకటన తర్వాత కూడా చాలా రోజులు అలాగే కనిపించింది, "వెరిఫైడ్" గుర్తుతో సహా. నా కోపమంతా అక్కడే. డబ్బు తీసుకుని గుర్తు పెట్టినప్పుడు ఆ గుర్తుకి ఏదో ఒక విలువ ఉండాలి కదా.

ఏ సొసైటీ అయినా ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో ముందే డబ్బు వేయించుకుంటుందా? గేటు దగ్గర పేరు రాసుకుంటారు, ఓనర్‌కో వాచ్‌మన్‌కో ఫోన్ చేస్తారు, పంపిస్తారు. ఇదే మోసం ఓనర్ల మీద తిరగేసి చేస్తారు: ఆర్మీ ఆఫీసర్‌ని, మీ ఇల్లు నచ్చింది, అడ్వాన్స్ పంపిస్తున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. యూపీఐలో మనకి డబ్బు రావడానికి పిన్ అవసరమే లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. ఇది ఇంట్లో పెద్దవాళ్లకి కూర్చోబెట్టి చెప్పండి. ఒకవేళ పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

బ్రోకర్ సంగతి. పెద్దాయన, చెప్పిన టైముకి వచ్చేవారు, ఇంట్లో చెమ్మ ఉంటే ఉందనే చెప్పేవారు. హైదరాబాద్‌లో కమీషన్ నెల అద్దె అడుగుతారు గానీ ఈయన పదిహేను రోజులదానికి ఒప్పుకున్నారు. కాకపోతే మా బడ్జెట్ చెప్పినా ప్రతిసారీ దాని మీద నాలుగైదు వేలు ఎక్కువున్నవే చూపించారు. తొందరగా దిగాల్సినవాళ్లకి ఇలాంటి మనిషి యాప్ కన్నా నయం.

మాకు ఇల్లు దొరికింది వాచ్‌మన్ కుటుంబం వల్ల. ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూసి కిందికి దిగుతుంటే వాచ్‌మన్ భార్య బట్టలు ఆరేస్తోంది. పాతవాళ్లు ఎందుకు ఖాళీ చేశారమ్మా అని అడిగాను. "నీళ్ల కోసమే మేడమ్. ఎండకాలం బోరు ఎండిపోతది, ట్యాంకర్ పైసలు మెయింటెనెన్స్‌ల కలుపుతరు," అంది. ఓనర్ ఈ ముక్క చెప్పలేదు, యాప్‌లో "24 గంటలు నీళ్లు" అని రాసుంది. ఆమే రెండు వీధుల అవతల వాళ్ల అక్క పనిచేసే అపార్ట్‌మెంట్‌లో ఖాళీ ఉందని, అక్కడ మంజీరా నీళ్లు, అంటే ప్రభుత్వం పైపుల్లో ఇచ్చే నీళ్లు, వస్తాయని చెప్పింది. ఇప్పుడుంటున్నది ఆ ఇంట్లోనే.

నిజాంపేట వైపు చూసేవాళ్లు మాత్రం సెల్లార్‌లోకి దిగి గోడలు చూడండి. 2016 సెప్టెంబర్ వానలకి బండారి లేఅవుట్ ఎలా మునిగిందో పాతవాళ్లకి గుర్తే. మేం చూసిన ఒక చోట పార్కింగ్ గోడకి కొత్త రంగు కింద మోకాలెత్తున మట్టి గీత ఇంకా కనిపిస్తోంది, లిఫ్ట్ తలుపు కింది భాగమంతా తుప్పు పట్టి ఉంది.

ఇల్లు నచ్చాక అడ్వాన్స్ ఇచ్చే ముందు మేం అడిగినవి కరెంటు బిల్లు, ఆస్తి పన్ను రసీదు, ఆధార్. మూడింటిలో పేరు ఒకటేనా, ఆ పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే డబ్బు వెళ్తోందా చూశాం. సెల్లార్‌లో మీటర్ల బోర్డు దగ్గరికెళ్లి మా ఫ్లాట్ మీటరు మీద ఉన్న సర్వీస్ నంబరూ బిల్లు మీద ఉన్నదీ కలిశాయో లేదో కూడా చూశాం. నిజమైన ఓనర్ వీటికి చిన్నబుచ్చుకోరు, మా ఓనర్ అంకుల్ అయితే అడిగిన సాయంత్రమే తెచ్చిచ్చారు. ఓనర్ అమెరికాలో ఉండి బావమరిది చూసుకుంటున్నాడంటే ఓనర్‌తోనే వీడియో కాల్ మాట్లాడి, బావమరిదికి రాసిచ్చిన అధికార పత్రం చూడాలి. ఇంకోటి, చాలామందికి తెలియనిది: ఓనర్ ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా టీడీఎస్ (అద్దెలోంచి ముందే మినహాయించే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది కిరాయిదారే, అది సాధారణంగా 30 శాతం, పైన సెస్సు. ఇక్కడుండే ఓనర్‌కైతే నెలకి 50 వేలు దాటితేనే, అదీ 2 శాతం. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) చూపించేవాళ్లు అద్దె ఏడాదికి లక్ష దాటుతుంటే ఓనర్ పాన్ ఇస్తారో లేదో కూడా ముందే అడిగి పెట్టుకోండి.

అగ్రిమెంట్ అందరిలాగే 11 నెలలకి రాసుకున్నాం. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అందుకే దేశమంతా ఈ 11 నెలల అలవాటు, కాకపోతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణ వల్ల మన దగ్గర ఏడాది లోపు లీజుకి కూడా రిజిస్ట్రేషన్ కావాలి. అడ్వాన్స్ 2 నెలలది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా ఇళ్లకి అంతకు మించి తీసుకోకూడదనే ఉంది, కాకపోతే అది రాష్ట్రం తన చట్టంగా చేసుకున్న చోటే వర్తిస్తుంది. మా పేపర్లలో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి నెల అద్దె పట్టుకుంటామని టైపు చేసి తెచ్చారు.

"అంకుల్, ఆర్నెల్లకి వెళ్లినా ఇంతేనా?"

"అందరూ ఇస్తున్నదే కదమ్మా."

"రెండేళ్లుంటే మేమే వేయించిస్తాం అంకుల్, ముందే వెళ్తే మాత్రం గోడలు పాడైన చోటకే తీసుకోండి."

ఆయన కాసేపు ఆలోచించి, పెన్నుతో ఆ లైను కొట్టేసి, పక్కన కొత్తది రాసి సంతకం పెట్టారు. నోటితో ఒప్పుకున్నది ఖాళీ చేసే రోజున ఎవరికీ గుర్తుండదు, అందుకే అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కూడా రాయించుకోండి. తాళాలు తీసుకున్న రోజే కుళాయిలు, గీజర్, తలుపుల గడియలు, మీటర్ రీడింగ్ అన్నీ వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేశాను.

నా మార్కులు: యాప్‌కి, ఉచితంగా వాడుకుంటే 5కి 4, డబ్బు కట్టే ప్లాన్‌కి 2. ప్లాన్ తీసుకోవాలనే అనుకుంటే పిల్లల పరీక్షలు అయిపోయాక ఏప్రిల్, మే నెలల్లో తీసుకోండి, అప్పుడైతే ఖాళీ అయ్యే ఇళ్లు ఎక్కువ కాబట్టి నంబర్లు వృథా పోవు. ఆషాఢం వచ్చిందంటే ఇళ్లు మారేవాళ్లు తగ్గిపోతారు, ఖాళీగా ఉన్న ఫ్లాట్‌కి మెయింటెనెన్స్ ఓనరే కట్టుకోవాలి, ఆషాఢం పట్టింపు లేనివాళ్లకి బేరమాడటానికి అంతకన్నా మంచి టైం లేదు. మాకు అద్దెలో వెయ్యి తగ్గింది అప్పుడే.