రాయదుర్గంలో ఉద్యోగం... ఇల్లు మియాపూర్ వైపా, నాగోల్ వైపా?

మా పిన్ని కూతురు వచ్చే నెల ఒంగోలు నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరుతోంది. ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. జీతం చేతికి 28 వేలు వస్తుంది. "అన్నయ్యా, అద్దె ఎక్కడ తక్కువో చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అంది ఫోనులో. 2022లో నేను ఈ ఊరికి వచ్చినప్పుడు సరిగ్గా ఇదే అడిగాను. అందరూ నిజమే చెప్పారు, అయినా రెండేళ్లు ఇబ్బంది పడ్డాను. అందుకే తనకు చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను. కొత్త ఊళ్లో తక్కువ అద్దెకు ఇల్లు వెతుక్కునేవాళ్లు ఇంకెందరో ఉంటారు కదా.

ఆఫీసు పక్కనే ఇల్లు తీసుకోవచ్చు కదా అని మొదట అనిపిస్తుంది. మాధాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో 28 వేల జీతానికి విడిగా ఇల్లు కుదరదు, హాస్టల్లో మంచం కుదురుతుంది. మొదటి నెలకు అది మంచిదే. ఊరు తెలియకుండా రెండు నెలల అడ్వాన్సు ఇచ్చి ఇంట్లో దిగడం కన్నా, హాస్టల్లో ఉంటూ ఆదివారాలు ఇళ్లు చూసుకోవడం నయం. కానీ తర్వాత పిన్ని కూడా వచ్చి ఉంటుంది కాబట్టి ఇల్లు తప్పదు.

ఇక మిగిలేవి మూడు దిక్కులు: మియాపూర్ వైపు, ఎల్బీనగర్ వైపు, నాగోల్-ఉప్పల్ వైపు. మూడింటికీ మెట్రో ఉంది, మూడు చోట్లా సామాన్యులకు అందే ఇళ్లున్నాయి.

పటం చూస్తే ఎవరైనా మియాపూర్ వైపే వెళ్తారు. రాయదుర్గం, మియాపూర్ రెండూ నగరానికి పడమరన పక్కపక్కనే కనిపిస్తాయి. నేనూ అలాగే మోసపోయి మియాపూర్ అవతల బాచుపల్లిలో దిగాను. అద్దె 9,500. పొద్దున షేర్ ఆటోలో మియాపూర్ స్టేషన్‌కు, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేట దాకా తూర్పుకు, అక్కడ బండి మారి మళ్లీ పడమరకు. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపినట్టు ఉండేది ఆ ప్రయాణం. మియాపూర్ నుంచి రాయదుర్గానికి నేరుగా వెళ్లే రైలు లేదు. ఎరుపు లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు, నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గానికి. రెండూ కలిసేది అమీర్‌పేటలోనే.

ఆ అమీర్‌పేట సంగతి ఒకసారి చూడాలి. పొద్దున తొమ్మిదిన్నర. ఎర్ర లైను తలుపులు తెరుచుకోగానే జనం ఒక్కసారిగా ఎస్కలేటర్ల మీదికి పరిగెడతారు. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు చేరేసరికి అవతల నాగోల్ నుంచి నిండుగా వచ్చిన బండి నిలబడి ఉంటుంది. బండికి ఉన్నవి మూడు పెట్టెలే. ఒకటి వదిలేసి రెండోది, ఒక్కోసారి మూడోది ఎక్కాలి. ఎక్కాక చేతిలో టిఫిను సంచి గుండెకు హత్తుకుని, హైటెక్ సిటీ దాకా ఒంటికాలి మీద నిలబడటమే. ఆ కిక్కిరిసిన పెట్టెలో మూలన కూర్చుని హాయిగా కళ్లు మూసుకున్న మనుషులు కనిపించేవారు. వాళ్లంతా నాగోల్‌లోనో ఉప్పల్‌లోనో ఎక్కినవాళ్లని నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

బాచుపల్లిలో రెండో కష్టం నీళ్లు. హైదరాబాద్‌లో ఇల్లు చూడటానికి వెళ్తే మొదట అడగాల్సిన మాట "మంజీరా నీళ్లు వస్తాయా?" అని. ఇప్పుడు ఆ పైపుల్లో వచ్చేవి చాలా చోట్ల కృష్ణా, గోదావరి నీళ్లే, అయినా వాడుకలో మాట మంజీరాయే. వాటర్ బోర్డు కనెక్షన్ ఉందా, లేక బోరు మీదే నడుస్తోందా అని దాని అర్థం. మాది బోరు. 2024 ఎండాకాలంలో అది ఎండిపోయింది. రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చేది, మెయింటెనెన్సు కింద ప్రతి ఇంటికీ నెలకు మరో 600 పడింది. ఇల్లు చూపించినప్పుడు యజమాని ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

మియాపూర్ వైపు మంచి లేదని కాదు. ఆఫీసు రాయదుర్గంలో కాక నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఉంటే నా సలహా తిరగబడుతుంది. అక్కడికి మెట్రో లేదు, లింగంపల్లి, చందానగర్ నుంచి రోడ్డు మీదే సుఖం. స్కూటరు ఉన్నవాళ్ల లెక్క కూడా వేరు, వాళ్లకు జేఎన్‌టీయూ మీదుగా దగ్గర దారి ఉంది. చందానగర్, హఫీజ్‌పేటలో ఉంటే 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది. డబ్బు పెట్టి వెళ్లేవాటిలో అది చాలా చౌక, టికెట్టు 5 రూపాయల నుంచి మొదలు. కానీ రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే మళ్లీ ఎప్పుడో. ఇంకో తిరకాసు: ఎంఎంటీఎస్ వాళ్ల హైటెక్ సిటీ స్టేషన్ వేరు, మెట్రో హైటెక్ సిటీ స్టేషన్ వేరు. పేరు ఒకటే అని దిగితే మళ్లీ ఆటో ఎక్కాలి.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం మా చెల్లెలికి మొదట నచ్చినవి. కారణం సరైనదే: విజయవాడ హైవే అక్కడి నుంచే, ఒంగోలు బస్సు దిగి పది నిమిషాల్లో ఇంట్లో ఉండొచ్చు. కూరగాయలు, బట్టలు, అన్నీ దొరికే పాత కాలనీలు. కానీ మళ్లీ అదే ఎర్ర లైను, అదే అమీర్‌పేట మార్పు. నాగోల్ అక్కడికి నాలుగైదు కిలోమీటర్లే. ఊరికి వెళ్లేది నెలకోసారి, ఆఫీసుకు వెళ్లేది నెలకు 22 రోజులు. నెలకోసారి ఎల్బీనగర్ దాకా ఆటోలో వెళ్లడం పెద్ద శ్రమ కాదు. వారంవారం ఊరికి పరుగెత్తేవాళ్లయితే మాత్రం ఎల్బీనగరే తీసుకోవచ్చు.

నేను నాగోల్‌కు మారింది 2024 జూన్‌లో. అద్దె 11,000, స్టేషన్‌కు ఏడు నిమిషాల నడక. 2025 మే నెలలో పెంచి, పది శాతం తగ్గించాక మెట్రో గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. నాగోల్ నుంచి రాయదుర్గానికి పడేది అదే. రానుపోను 138, నెలకు 22 రోజులకు 3,036. మియాపూర్ నుంచి టికెట్టు ఇంతకన్నా పది రూపాయల లోపే తక్కువ. బాచుపల్లిలో అద్దె 1,500 తక్కువే కానీ, షేర్ ఆటోకు రోజుకు 40 చొప్పున నెలకు 880 పోయేది, ఎండాకాలంలో ట్యాంకరుకు 600. అంటే వేసవిలో డబ్బు తేడా కొన్ని వందలకు దిగేది. దానికి బదులు రోజుకు ముప్పావు గంట ఇచ్చుకునేవాణ్ణి, అదీ నిలబడి. ఇప్పుడు బండి బయల్దేరే స్టేషన్‌లో ఎక్కుతాను, కూర్చుంటాను, గంటసేపు చదువుకుంటాను. సాయంత్రం రాయదుర్గంలోనూ అంతే, అదీ చివరి స్టేషనే.

నాగోల్‌లో లోపాలు దాచను. మూసీ దగ్గర. గాలి ఇటు తిరిగిన సాయంత్రాల్లో వాసన వస్తుంది, దోమలు ఎక్కువ. 2020 అక్టోబరు వరదలో ఇక్కడి పల్లపు కాలనీలు మునిగాయి. ఇల్లు చూసేటప్పుడు పార్కింగులో గోడలు గమనించాలి. ఒక ఇంట్లో నడుము ఎత్తున గోడ మీద మట్టిరంగు చార కనిపించింది, పైన కొత్త సున్నం, కింద పెచ్చులు. వాచ్‌మన్ భార్యను "ఏమమ్మా, వరదప్పుడు ఇక్కడిదాకా వచ్చాయా?" అని అడిగితే, "మా గిన్నెలన్నీ కొట్టుకుపోయాయి సార్" అంది. ఆ ఇల్లు వదిలేశాం. యజమానిని అడిగితే రాని జవాబు వాచ్‌మన్ ఇంట్లోనో, ఎదుటి కిరాణా కొట్లోనో వస్తుంది.

ప్రకటనల్లో "ఉప్పల్ మెట్రోకు దగ్గర" అని ఉంటే అది ఏ కాలనీయో అడగాలి. చాలాసార్లు అది బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి అవుతుంది. అక్కడ అద్దె చౌకే కానీ, ఏళ్లుగా సాగుతున్న ఫ్లైఓవర్ పనుల మధ్య వరంగల్ రోడ్డు దాటి స్టేషన్‌కు చేరడం బాచుపల్లి కథే. నాగోల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా విమానాశ్రయానికి మెట్రో వస్తుందని చెప్పి అద్దె పెంచి అడిగేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా ప్రతిపాదన. రాని రైలుకు ఈ రోజు అద్దె కట్టకూడదు.

ఒక విషయం మా చెల్లెలికి తెలియదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఒంగోలు ఆధార్‌తో కుదరదు. ఇంటి అగ్రిమెంటు చేతికి రాగానే ఆధార్‌లో చిరునామా మార్చుకోమన్నాను. పిన్ని ఎల్బీనగర్ వెళ్లినా, కోఠి వెళ్లినా ఆ కార్డే ఆసరా. అగ్రిమెంటు సంగతీ చెప్పాను: మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోసుకుంటారా అన్నది అందులో ముందే రాయించుకోవాలి.

పోయిన ఆదివారం గేట్లకు వేలాడే టులెట్ బోర్డులు చూసుకుంటూ నడిచాను. రెండు ఇళ్లు మిగిలాయి. ఒకటి నాగోల్‌లో, 11,500, రెండో అంతస్తు, వాటర్ బోర్డు నీళ్లున్నాయి. ఇంకొకటి హబ్సిగూడలో, 13,000, స్టేషన్‌కు నాలుగు నిమిషాలు, చెట్లున్న పాత వీధి, మూసీకి దూరం. రాయదుర్గానికి అక్కడి నుంచీ ఒకే బండి. కానీ అది అయిదో స్టేషను, పొద్దున తొమ్మిదికి సీటు దొరకదు. ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉన్న సాయంత్రం తిరిగి రావడం మరీ కష్టం.

నా ఓటు నాగోల్‌కే. పిన్నికి మోకాళ్ల నొప్పులు, రెండో అంతస్తుకు లిఫ్టు లేదు, అదొక్కటే ఆలోచన. శనివారం వాళ్లిద్దరూ వస్తున్నారు. పొద్దున ఎనిమిదిన్నరకు రెండు స్టేషన్లలోనూ ఒక్కో బండి ఎక్కించి చూపిస్తాను. అడ్వాన్సు ఎక్కడ ఇచ్చేది ఆ తర్వాత పిన్ని చెబుతుంది.